జాన్సను పండితుడును, 'టేక్' అను క్రియయును

ఆంగ్లభాష నభ్యసించు బాలురకు మొదటి సంవత్సరముననే పరిచితమగు క్రియాపదములలో 'టేక్' యొకటి. ఉపాధ్యాయుడు దానికి 'తీసికొను' అని యర్థము చెప్పును. బాలుడు దానిని వ్రాసికొని, కంఠస్థము చేసి, ఆ మాట తనకు వశమైనదని తలంచును. కొన్ని సంవత్సరములు గడచి పై తరగతులకు వచ్చిన పిమ్మట, ఆ చిన్న మాటయే పుటపుటకును ఎదురై యతనిని తికమక పెట్టును. మందు త్రాగుటకును టేక్, స్నానము చేయుటకును టేక్, కాలము పట్టుటకును టేక్, శ్రమపడుటకును టేక్, సెలవు పుచ్చుకొనుటకును టేక్! ఈ చిక్కు మన బాలురకే కలుగునది కాదు. ఆంగ్లేయులలో మహాపండితుడని పేరుపొందిన యొకనికిని ఇది కలిగినది. అతడు తన యింటి పైకప్పు క్రింది గదిలో సంవత్సరముల తరబడి కూర్చుండి ఆ భాషలోని పదములకు అర్థములు వ్రాసెను. అందు ఈ యొక్క క్రియకే 134 అర్థములను వేఱువేఱుగా నిరూపించెను. అతడే డాక్టరు సామ్యూల్ జాన్సను. ఆ మహనీయుని చరిత్రమును మన విద్యార్థుల కుపయోగపడు రీతిని ఇచ్చట వ్రాయుచున్నాను.

జాన్సను ఇంగ్లండునందలి స్టాఫర్డు మండలమున లిచ్‌ఫీల్డు అను పట్టణమున 1709 సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన జన్మించెను. తండ్రి మైకేలు జాన్సను పుస్తకముల వర్తకుడు. చదువు గలవాడు, కాని ధనము నిలువయుంచు నేర్పు లేనివాడు. బిడ్డడు పుట్టినది మొదలు రోగియే. కంఠమాల యను వ్యాధిచే ముఖమంతయు మచ్చలు పడెను. ఒక కన్ను దాదాపుగా చూపు కోల్పోయెను. ఆ కాలమున రాజుగాని రాణిగాని హస్తముతో స్పృశించినచో ఈ వ్యాధి నయమగునని ప్రజలు విశ్వసించుచుండిరి. కావున తల్లి యతనిని మూడేండ్లు నిండకమునుపే 1712 సంవత్సరమున లండనునకు గొనిపోయి ఆను రాణిచే స్పృశింపజేసెను. వ్యాధి నయము కాలేదు గాని, రాణి యిచ్చిన చిన్న బంగారు బిళ్ళను అతడు జీవితాంతము మెడయందు ధరించెను.

మొదట ఆలివరు అను నొక వృద్ధురాలి బడిలో అతడు చదువుకొనెను. తరువాత పెద్దవాడై ఆక్స్‌ఫర్డునకు వెళ్ళునపుడు ఆమె అల్లపు రొట్టె యొకటి కానుకగా తెచ్చి, తన బడికి వచ్చిన పిల్లలందఱిలో అతనివంటి వాడు లేడని చెప్పి పంపినదట. తన యోగ్యతకు ఇంతకంటె గొప్ప నిదర్శనమును తాను ఊహింపజాలనని యతడు సంతోషముతో తలచుకొనుచుండెడివాడు. లిచ్‌ఫీల్డు గ్రామరు పాఠశాలయందు హంటరు అను ప్రధానోపాధ్యాయుడు పిల్లలను కఠినముగా బెత్తముతో కొట్టుచుండెను. అచ్చట జాన్సను లాటిను భాష నేర్చెను. అయినను అతనికి నిజమైన విద్య తండ్రి దుకాణములోనే యబ్బినదని నా యభిప్రాయము. అలమారులలోని గ్రంథములను ఒకదాని వెంట నొకటి చదివివైచెను. ఒక క్రమము లేదు, ఒక పద్ధతి లేదు; చేతికందినదెల్ల చదువుటయే. ఈ చదువు తరువాత ఎంత యక్కఱకు వచ్చినదో మున్ముందు తెలియగలదు.

1728 అక్టోబరులో అతడు ఆక్స్‌ఫర్డునందలి పెంబ్రోకు కళాశాలలో చేరెను. అచ్చట పదుమూడు నెలలు మాత్రమే యుండగలిగెను. జీతము కట్టుటకు ధనము లేదు; కాలిజోళ్ళు చిరిగి వ్రేళ్ళు బయటికి కానవచ్చుచుండెను. ఎవరో దయతలచి క్రొత్త జోళ్ళజత యొకటి యతని గది వాకిట నుంచగా, అతడు కోపముతో వానిని పాఱవైచెను. దారిద్ర్యమును సహించెను గాని దయాధర్మమును సహింపలేకపోయెను. పట్టము పుచ్చుకొనకయే 1729 సంవత్సరాంతమున ఇల్లు చేరెను. రెండేండ్లకు తండ్రి మరణించెను.

తండ్రిని గూర్చిన యొక సంగతి యిచ్చట చెప్పవలసియున్నది. యూటాక్సెటరు అను గ్రామమున సంత జరుగునపుడు మైకేలు అచ్చట పుస్తకముల యంగడి పెట్టుచుండెను. ఒకనాడు తాను జబ్బుగానుండి, తనకు బదులుగా పోయి యంగడియందు కూర్చుండుమని కుమారుని కోరెను. చదువుకొనినవాడను సంతలో కూర్చుండుట యేమని కుమారుడు గర్వముతో నిరాకరించెను. దాదాపు ఏబదియేండ్లు గడచిన పిదప, లోకమంతయు గౌరవించు వృద్ధపండితుడై యున్న కాలమున, జాన్సను ఒంటరిగా ఆ యూరికి పోయి, తండ్రి యంగడి యుండిన చోటున టోపీ తీసి, వర్షములో తడియుచు చాలసేపు నిలువబడెను. చుట్టునున్నవారు వింతగా చూచుచుండిరి. ఆ పశ్చాత్తాపము ఎవరి నిమిత్తమును చేసినది కాదు.

1735 సంవత్సరమున అతడు ఎలిజబెత్తు పోర్టరు అను వితంతువును వివాహమాడెను. ఆమె యతనికంటె ఇరువది సంవత్సరములు పెద్దది. ఆమె ధనముతో ఎడియలు అను చోట నొక పాఠశాల స్థాపించెను. పిల్లలు కొలది మందియే చేరిరి. ఉపాధ్యాయుని స్థూలకాయమును, ముఖమున మచ్చలును, అప్రయత్నముగా తల చేతులు కదలించు నలవాటును చూచి బాలురు చాటున నవ్వుకొనుచుండిరి. ఆ శిష్యులలో డేవిడు గారిక్ అనువాడొకడు గురువును అనుకరించి తోడివారిని నవ్వించుచుండెను. పాఠశాల మూతబడెను. 1737 మార్చిలో ఆ గురువును ఆ శిష్యుడును కలసి లండనునకు బయలుదేరిరి. గారిక్ తరువాత ఆ దేశమున కెల్ల మేటి నటుడయ్యెను. గురువో, కేవు అను ప్రకాశకుని మాసపత్రికకు పార్లమెంటు చర్చలు వ్రాయుచు, కవితలల్లుచు, ఒక్కొక్కప్పుడు రాత్రులందు నిలువ నీడ లేక వీధులలో తిరుగుచు కాలము గడపెను.

ఆంగ్లభాషలో అప్పటికి నిఘంటువులు లేకపోలేదు. కాని అవి చాలవఱకు కఠినపదముల పట్టికలు, లేదా అర్థములు ముక్తసరిగా నున్నవి. ఇటలీ ఫ్రాన్సు దేశములందు పండితసభలు కూడి గొప్ప నిఘంటువులు వెలువరించియుండగా, తమకట్టిది లేదని ఆంగ్లేయులు చిన్నబుచ్చుకొనుచుండిరి. కావున లండనునందలి పుస్తక వర్తకులు కొందఱు కలసి 1746 జూన్‌లో జాన్సనుతో 1,575 పౌనులకు ఒడంబడిక చేసికొనిరి. అప్పటికి అతనికి ముప్పదియాఱేండ్లు. మూడు సంవత్సరములలో ముగింతునని యతడు మాట యిచ్చెను. ఫ్రాన్సునందు నలువది మంది పండితులు నలువది యేండ్లు శ్రమించిరే యని ఆడమ్సు అను మిత్రుడు హెచ్చరింపగా, అట్లయిన నొక్క ఆంగ్లేయునికిని ఫ్రెంచివారికిని గల నిష్పత్తి మూడునకు పదునాఱువందలని లెక్కగట్టి నవ్వెను. చివరకు పట్టినది మూడేండ్లు కాదు, దాదాపు తొమ్మిది. అయినను ఆ నవ్వు వట్టిది కాలేదు.

ఫ్లీటు వీథికి సమీపమున గఫ్ స్క్వేరు అను చోట అతడొక యిల్లు అద్దెకు పుచ్చుకొనెను. ఆ యిల్లు నేటికిని నిలిచియున్నది. చూడగోరువారు లోనికి పోయి చూడవచ్చును. దాని మీది యంతస్తున ఆఱుగురు లేఖకులు కూర్చుండి పని చేయుచుండిరి. వారిలో అయిదుగురు స్కాట్లండువారు. జాన్సను స్కాట్లండువారిని పరిహసించుటలో పేరుమోసినవాడు. అయినను తన యన్నమును వారితోనే పంచుకొనెను. లేఖకుల జీతములు కూడ ఆ 1,575 పౌనులనుండియే యీయవలసియుండెను.

పని జరిగిన విధ మిది. జాన్సను గ్రంథములను చదువుచు, ఏ వాక్యమున ఏ పదము చక్కగా ప్రయోగింపబడినదో ఆ పదము క్రింద సీసపు పెన్సిలుతో గీత గీసి, ప్రక్క నంచున దాని మొదటి యక్షరము వ్రాయును. లేఖకులు ఆ వాక్యమును చీటీపై ఎత్తి వ్రాయుదురు. చీటీలను అక్షరక్రమమున కూర్తురు. తరువాత జాన్సను ఒక్కొక్క పదము క్రింద చేరిన చీటీలన్నియు ముందిడుకొని, ఏ చీటీలోని యర్థమేదో పరిశీలించి, విభజించి, లక్షణము వ్రాయును. పుస్తకములు చాలవఱకు మిత్రులయొద్ద ఎరువు తెచ్చినవే. అవి గీతలతో నిండి తిరిగి వచ్చుట చూచి మిత్రులు విచారించిరనుటలో వింత లేదు.

ఈ పద్ధతిలోని విశేషమును విద్యార్థులు గమనింపవలెను. పదమునకు అర్థము కోశకారుడు కల్పించునది కాదు; మంచి రచయితలు దాని నెట్లు వాడిరో ఆ వాడుకయే దాని యర్థము. ముందు వాక్యములు, తరువాత అర్థము. మనము చేయునది దీనికి తలక్రిందులు: ముందర నొక యర్థము వల్లించి, దానిని అన్ని వాక్యములకును అంటగట్టుదుము.

అందువలననే కఠినపదములు జాన్సనును అంతగా బాధింపలేదు. పొడవైన లాటిను మాటకు సాధారణముగా ఒకటే యర్థము. చీటీలు నాలుగైదు మించవు. బాధించినవి చిన్న క్రియలు. ఇచ్చుట, పుచ్చుకొనుట, వచ్చుట, పోవుట, పెట్టుట, పడుట, తిరుగుట, ఇట్టివానికి చీటీలు కుప్పలుగా పడెను. 'టేక్' పదము కడ నీ కష్టము పరాకాష్ఠ నందెను. దానికి మూలార్థము చేతితో పట్టుకొనుట. ఈ మాట నిజమునకు ఆంగ్లేయుల పురాతన పదము కాదు. ఉత్తర సముద్రము దాటి దండెత్తి వచ్చిన స్కాండినేవియా ప్రజలు తెచ్చినది. అది 'నిమన్' అను పాత ఆంగ్లపదమును త్రోసివైచి దాని స్థానము నాక్రమించినది. కొల్లగొట్టుకొనిన మాటకే కొల్లగొట్టుకొనుట అర్థమగుట వినోదముగా నున్నది.

చేతితో పట్టుకొనుట మొదటి యర్థము. కోటను పట్టుకొనుట దాని ప్రక్కది. దొంగను పట్టుకొనుట మఱియొకటి. చేప గాలమును, మనుష్యుడు మోసపు మాటను పట్టుకొనినపుడు అర్థము వేఱు. రోగము మనిషిని పట్టుకొనినపుడు వేఱు. నోటిలోనికి మందు పుచ్చుకొనుట, మనసులోనికి భావము పుచ్చుకొనుట, ఒకని మాటను ఒక తీరున గ్రహించుట, ఒకనిని మఱియొకడని పొరబడుట, ప్రమాణము చేయుట, త్రోవ పట్టుట, కాలము పట్టుట: ఇట్లు ఒకదానినుండి యొకటి మఱ్ఱిచెట్టు ఊడలవలె దిగుచుండును. ఏ యూడ యేకొమ్మనుండి దిగినదో తెలియునప్పటికి మఱి రెండు క్రొత్త ఊడలు నేల తాకియుండును. జాన్సను తన నిఘంటువునందు ఈ యొక్క పదమునకు అయిదు పుటలు, సుమారు ఎనిమిది వేల మాటలు వెచ్చించెను. ఈ క్రియల యర్థములు ఒండొంటిలో కలసిపోయియుండుటచే వానిని సంపూర్ణముగా క్రమపఱచుట తనకు సాధ్యము కాలేదని పీఠికలో దాపఱికము లేక యొప్పుకొనెను.

మఱియొక చిక్కును గూడ ఆ పీఠికలో అతడు చెప్పియున్నాడు. అది విశేషించి పరదేశీయులకు, అనగా మనవంటివారికి, సంబంధించినది. ఆంగ్లమున క్రియ తరువాత చిన్న అవ్యయమొకటి చేర్చిన మాత్రమున అర్థము పూర్తిగా మాఱిపోవును. అట్టివానికి అతడు చూపిన యుదాహరణములలో 'టేక్ ఆఫ్' ఒకటి. ఇట్టి సమాసములు పరులను ఎక్కువగా శ్రమపెట్టునని గుర్తించి, అతడు వానిని ప్రత్యేక శ్రద్ధతో సేకరించెను. వస్త్రమును విడుచుట 'టేక్ ఆఫ్'. బిడ్డ తండ్రిని పోలియుండుట 'టేక్ ఆఫ్టర్'. ఇతరుని మోసగించుట 'టేక్ ఇన్', అతిథిని ఇంటిలో చేర్చుకొనుటయు 'టేక్ ఇన్' అనియే. ఒక పనికి పూనుకొనుట 'టేక్ అప్'. ఒకదానియందు అభిరుచి కలుగుట 'టేక్ టు'. వీనిని పదమునకు పదము తెనిగించి చూచినచో హాస్యాస్పదమగును. ఇవి జంటగానే నేర్చుకొనవలసినవి.

ఈ సందర్భమున మన బాలురు సాధారణముగా చేయు తప్పులను కొన్నిటిని చూపుట అనుచితము కాదు. 'మందు త్రాగితిని' అనుటకు ఆంగ్లమున 'డ్రింక్' వాడరాదు. మందు పొడియైనను ద్రవమైనను 'టేక్' అనియే వాడవలెను. చిత్రమేమనగా తెలుగున పెద్దలు 'మందు పుచ్చుకొనుము', 'కాఫీ పుచ్చుకొనుడు' అందురు. ఆ 'పుచ్చుకొనుట'లో ఆంగ్లపు టేక్ అచ్చముగా నున్నది. అట్లే 'పనికి రెండు గంటలు పట్టినది' అను వాక్యములో మన 'పట్టు' చేయు పనియే అచ్చట 'టేక్' చేయును. కావున ఈ క్రియ మన భాషకు దూరమైనది కాదు. ఒక తెలుగు మాటకు బదులు మూడు నాలుగు తెలుగు మాటలను దానికి జతపఱచుకొనవలెను, అంతియే. మన 'కొను' ధాతువును చూడుడు. సంతలో వంకాయలు కొనుట మొదలుకొని, తెలిసికొనుట, చదువుకొనుట, ఊరకొనుట వఱకు అది పోని చోటు లేదు. మన భాష నేర్చుకొనవచ్చిన ఆంగ్లేయుడు దానిని చూచి నిట్టూర్చక మానడు.

ఇక 'టేక్', 'బ్రింగ్' అను రెండింటి భేదము. తెలుగున 'తీసికొని పోవు', 'తీసికొని వచ్చు' అని మనకు స్పష్టముగా రెండు గలవు. మాటలాడువాడున్న చోటినుండి ఆవలికి కొనిపోవుట టేక్. అతడున్న చోటికి తెచ్చుట బ్రింగ్. తెలుగున ఎన్నడును తప్పు చేయని బాలుడు ఆంగ్లమున మాత్రము ఇంటినుండి పుస్తకమును బడికి 'టేక్' చేసి రమ్మని చెప్పినట్లు వ్రాయుచున్నాడు. మఱియొకటి: సభ జరిగెను అనుటకు 'టుక్ ప్లేస్' అనవలెను. దానికి కర్మణిప్రయోగము లేదు. 'వాజ్ టేకెన్ ప్లేస్' అని వ్రాయు నలవాటు పై తరగతులవారిలో సైతము కానవచ్చుచున్నది. అట్లే 'టుక్' అను భూతకాలరూపమును 'హావ్' తరువాత వాడరాదు. అచ్చట 'టేకెన్' రావలెను. స్నానమును 'డూ' చేయుట లేదు, 'టేక్' చేయుదురు. 'టేక్ కేర్' తరువాత ఏ వస్తువును గూర్చి జాగ్రత్త పడవలెనో చెప్పునపుడు 'ఆఫ్' విడువరాదు. ఇన్ని నియమములను పట్టికగా వల్లించుటకంటె, జాన్సను చేసినట్లు చదువునపుడు కనబడిన వాక్యమునెల్ల ఒక చిన్న పుస్తకమున ఎత్తి వ్రాసికొనుట మేలు. ఆఱునెలలలో ఈ క్రియ కొక్కదానికే పుట నిండును.

చరిత్రమునకు మరలుదము. నిఘంటువు మొదలిడినపుడు జాన్సను ఉద్దేశము భాషను కట్టుదిట్టము చేసి, ఇక మార్పు లేకుండ స్థిరపఱచవలెనని. 1747లో ప్రచురించిన ప్రణాళికయందు ఈ యాశ కానవచ్చును. పని సాగిన కొలదిని ఆ యాశ సడలెను. చీటీలలోని వాక్యములే యతనికి గురువులై, భాష ప్రవాహము వంటిదనియు, దానికి ఆనకట్ట కట్టుట కోశకారుని చేతిలో లేదనియు బోధించెను. పీఠికలో అతడీ సంగతిని విచారముతోనే యైనను నిజాయితితో ప్రకటించెను. తాను తొమ్మిదేండ్లు మోసిన యభిప్రాయమును తన గ్రంథపు మొదటి పుటలలోనే విడిచిపెట్టుటకు సామాన్యమైన ధైర్యము చాలదు. అతని తీర్పు సరియైనదే. అతని కాలమున ఛాయాపటములు లేవు, పొగబండ్లు లేవు, విమానములు లేవు. ఛాయాపటము తీయుటకును, బండి నెక్కి పోవుటకును, విమానము నేల విడుచుటకును నేడు ఆంగ్లేయులు వాడునది టేక్ అను క్రియనే. అతని 134 అర్థములకు వెలుపల ఇట్టివి ఎన్ని పుట్టినవో!

ఆ తొమ్మిదేండ్లలో అతడు పడిన కష్టములు వేఱు. 1752 మార్చిలో భార్య మరణించెను. ఆమె పోయిన దినమును అతడు ఏటేట ప్రార్థనతో గడపుచుండెను. గ్రంథము పూర్తికాకమునుపే వర్తకులిచ్చిన ధనమంతయు వ్యయమైపోయెను. ప్రణాళికను చెస్టరుఫీల్డు ప్రభువునకు అంకితముగా సంబోధించి వ్రాసియుండెను. ఆ ప్రభువు పది పౌనులిచ్చి ఊరకుండెను. జాన్సను ఆయన వాకిట వేచియుండి వెనుకకు మరలవలసివచ్చెను. గ్రంథము ముగియ వచ్చినదని విని, 1754 చివర ఆ ప్రభువే పత్రికలో రెండు వ్యాసములు వ్రాసి మెచ్చుకొనెను. 1755 ఫిబ్రవరి 7వ తేదీన జాన్సను ఆయనకొక జాబు వ్రాసెను. నీట మునుగుచున్నపుడు చూచుచుండి, గట్టు చేరిన పిదప చేయూత నిచ్చువాని సాయము తనకక్కఱలేదని దాని భావము. అందొక పరుషపదము లేదు, ఒక వినయపదమును వ్యర్థము కాలేదు. ఆ ప్రభువు కోపింపక, జాబును బల్లపై నుంచి వచ్చినవారికెల్ల చూపి, దాని శైలిని శ్లాఘించెనట. గొప్పవారి ప్రాపు లేనిదే గ్రంథము వెలువడదను కాలమునకు ఆ జాబుతో ముగింపు వచ్చినదని పలువురు తలంతురు.

చివరి కాగితము అందగానే మిల్లరు అను వర్తకుడు, ఈ మనుష్యునితో పని తీఱినందుకు దేవునికి స్తోత్రమని దూతతో చెప్పెను. ఆ మాట విని, మిల్లరు దేనికైనను దేవుని స్తుతించుట తనకు సంతోషమని జాన్సను బదులుపంపెను. 1755 ఏప్రిలు 15వ తేదీన నిఘంటువు రెండు పెద్ద సంపుటములుగా వెలువడెను. పదములు 42,773. ఉదాహరణ వాక్యములు లక్షకు మించినవి. వెల నాలుగు పౌనుల పది షిల్లింగులు. సామాన్యులు కొనగలది కాదు. మొదట రెండు వేల ప్రతులు ముద్రించిరి. పట్టము లేక వెడలిపోయిన యతనికి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము, గ్రంథము వెలువడుటకు కొంచెము ముందుగనే, ఎం. ఏ. పట్టమును ప్రసాదించెను. ముఖపత్రమున పేరు ప్రక్కన ఆ రెండక్షరములు అచ్చయినవి.

లోపములు లేకపోలేదు. గుఱ్ఱపు కాలిలోని ఒక భాగమునకు అతడు తప్పర్థము వ్రాసెను. ఒక స్త్రీ కారణమడుగగా, కేవలము అజ్ఞానమని తడవుకొనక చెప్పెను. కోశకారుడను పదమునకు అర్థము వ్రాయుచు తన్నుతానే నిరపాయుడైన గాడిదచాకిరీ చేయువానిగా వర్ణించుకొనెను. పదవ్యుత్పత్తులలో అతడు బలహీనుడు. నేటి పండితులు వానిని గైకొనరు. కాని ఉదాహరణ వాక్యములతో అర్థములను స్థాపించు పద్ధతిని ఆంగ్లమున ఇంత విరివిగా నెలకొల్పినవాడు అతడే. 1884 మొదలు 1928 వఱకు భాగములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు ఆ త్రోవనే నడచినది. మన బ్రౌను దొర 1852లో ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువునందు సైతము కావ్యములనుండి ప్రయోగములు చూపుట గలదు.

ఇంత చేసినను దారిద్ర్యము తీఱలేదు. మఱుసటి సంవత్సరమే ఆఱు పౌనులకు లోపలి ఋణమునకై అతనిని నిర్బంధింపగా, నవలాకర్త రిచ్చర్డుసను ధనము పంపి విడిపించెను. 1759లో తల్లి మరణించినపుడు, ఖననవ్యయములకును, ఆమె చేసిన కొలది యప్పులకును అతడు 'రాసెలాసు' అను కథను ఒక వారపు సాయంకాలములలో వ్రాసి యమ్మెను. 1762లో రాజు సంవత్సరమునకు 300 పౌనుల భరణము నిచ్చెను. భరణమను పదమునకు నిఘంటువున అతడు చేసిన పరిహాసార్థమును శత్రువులు జ్ఞాపకముంచుకొని నవ్విరి. అతడు కొంత సంకోచించియే, ఇకముందు చేయవలసిన దేమియు లేదనియు, చేసినదానికే యిచ్చుచున్నారనియు రూఢిచేసికొని పుచ్చుకొనెను.

ఆ మీదట జీవితము కుదుటబడెను. 1763లో బాస్వెల్ అను యువకుడు పరిచితుడై, ఆతని మాటలన్నియు వ్రాసియుంచి, 1791లో ప్రసిద్ధమగు జీవితచరిత్రమును ప్రకటించెను. 1764లో స్థాపించిన మిత్రగోష్ఠిలో గోల్డుస్మిత్తు, బర్కు మొదలగువారుండిరి. సంస్కృతపండితుడై కలకత్తాలో న్యాయాధిపతియైన విలియం జోన్సు తరువాత అందు చేరెను. షేక్‌స్పియరు నాటకముల కూర్పు 1765లోను, కవుల చరిత్రములు 1779 మొదలు 1781 వఱకును వెలువడెను. 1773లో నిఘంటువును స్వయముగా సవరించి నాలుగవ కూర్పు తెచ్చెను.

ఆ వృద్ధుని యింటిలో గ్రుడ్డిది యొకతె, బీద వైద్యుడొకడు, ఇంకను దిక్కులేనివారు కొందఱు కాపురముండి, తమలో తాము తగవులాడుకొనుచు అతని యన్నము తినుచుండిరి. వారి తగవులకు వెఱచి అతడే ఇల్లు చేరుటకు జంకుచుండెను గాని, ఒక్కనినైనను వెడలగొట్టలేదు. జమైకా ద్వీపమున బానిసగా పుట్టిన ఫ్రాన్సిసు బార్బరు అను నల్లజాతి బాలుడు 1752లో అతని యింటికి వచ్చెను. జాన్సను వానిని సేవకునిగా గాక బిడ్డవలె చూచి, తన ఖర్చుతో పాఠశాలకు పంపి చదివించెను. మరణశాసనమున వానికి సంవత్సరమునకు 70 పౌనుల భరణము వ్రాసెను. నిఘంటువు లేఖకులను గూడ అతడు మఱవలేదు. వారిలో పేటను అనువాడు బీదతనమున మరణింపగా ఖననవ్యయమును తానే భరించెను. మెక్‌బీను అను వృద్ధునికి చార్టర్‌హౌసు అను అనాథశరణాలయమున చోటు సంపాదించెను.

1783 జూన్‌లో ఒక రాత్రి పక్షవాతముచే అతనికి మాట పడిపోయెను. జీవితమంతయు మాటలతో గడపినవానికి అంతకంటె భయంకరమేమి గలదు? అతడు మంచముపై లేచి కూర్చుండి, బుద్ధి నిలిచియున్నదో లేదో పరీక్షించుటకై లాటిను పద్యములలో ఒక ప్రార్థనను మనసున రచించెను. పద్యములు బాగుగా లేవని తనకే తోచినదట. అవి బాగుగా లేవని తెలియుటచే బుద్ధి నిలిచియున్నదని ధైర్యము తెచ్చుకొనెను. కొలది దినములకు మాట మరల వచ్చెను. 1784 డిసెంబరు 13వ తేదీన అతడు లండనునందు మరణించెను. వారము గడచిన తరువాత వెస్టుమినిస్టరు దేవాలయమున, ఒకనాడు తనతో కలసి లండనునకు నడచివచ్చిన శిష్యుడు గారిక్ సమాధికి చేరువనే, అతనిని ఖననము చేసిరి.